బోథ్ మిల్లులో పటకారు అడిగిన రోజు

1998లో, పత్తి తీసే రోజుల్లో, కరీంనగర్‌లో ఒక మేడ మీద ఉన్న చిన్న కంప్యూటర్ దుకాణంలో నేను ఇంజనీరుని. ఇంజనీరు అన్నది బోర్డు మీది మాట. అసలు పనేమిటంటే, ఎక్కడ ఏ కంప్యూటరు అలిగినా పనిముట్ల డబ్బా పట్టుకుని బస్సెక్కి వెళ్లి, దాన్ని బుజ్జగించి రావడం. ఆ రోజుల్లో మా కరీంనగర్ జిల్లా, పక్కన ఆదిలాబాద్ జిల్లా కలిపినా కంప్యూటర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నా వేళ్లు చాలకపోతే బస్సు కండక్టరువి అరువు తీసుకుంటే సరిపోయేది.

"ఇన్నేళ్లలో నీకు అన్నిటికంటే భయం వేసిన కేసు ఏది?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. షాకు కొట్టిన సంగతో, హార్డ్ డిస్కు కాలిన సంగతో చెబుతానని ఎదురుచూస్తారు. నేను బోథ్ అంటాను. దేన్నయినా రెండింతలు చేసి చెబుతానని మా ఇంట్లో వాళ్లకు తెలుసు. అందుకని విన్నదాన్ని సగం చేసుకుని నమ్ముతారు. మీరు కూడా అలాగే చేయండి. ఈ కథలో పత్తి కుప్పలను, నా చెమటను ఎంతైనా తగ్గించుకోండి. భయాన్ని మాత్రం తగ్గించుకోవద్దని మనవి.

ఆదిలాబాద్ జిల్లా బోథ్‌కు కాస్త అవతల, జొన్నచేల మధ్య ఒక జిన్నింగ్ మిల్లు ఉండేది. పత్తిలోంచి గింజ తీసి దూదిని బేళ్లు కట్టే మిల్లు. దాని యజమాని రాజన్న పటేల్. గేటు పక్కన ఎడ్లబండ్లనూ ట్రాక్టర్లనూ తూచే పెద్ద కాటా ఉంది. కాటా నుంచి బరువు వైరు గుండా కంప్యూటరులోకి రావాలి, చీటీ అచ్చు కావాలి. ఇదీ పటేల్ కోరిక. మా దుకాణం వాళ్లు కంప్యూటరు ముందే దింపి వచ్చారు. దానిలో ఎక్కించాల్సిన ప్రోగ్రాం ఒక పత్రికతో పాటు వచ్చిన సీడీలో దొరికింది. ఎక్కడో విదేశంలో ఒక పుణ్యాత్ముడు రాసి, ఊరికే లోకానికి వదిలేశాడు. ఇలాంటిదాన్ని ఓపెన్ సోర్స్ అంటారు. అంటే తయారైన ప్రోగ్రామే కాదు, దాన్ని రాసిన మూలపాఠం, అదే సోర్స్ కోడ్, కూడా మన చేతిలో పెడతారు. దాన్ని మన మిషనులోనే వండుకోవాలి. ఆ వంటను బిల్డ్ చేయడం అంటారు.

సీడీలో ఒక రీడ్‌మీ ఉంది. వంటకు ముందు చదువుకోవలసిన సూచనల పత్రం. అందులో ఆ పుణ్యాత్ముడు రాశాడు: కావలసినవన్నీ ఇందులోనే ఉన్నాయి, వేరే అమరికలేవీ అక్కర్లేదు, "మేక్" అని కొట్టండి, చాలు.

ఆ మాటను నమ్మి బస్సెక్కాను. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కుతుంటే బస్సు ఎంత ఎగిరిందంటే, పైన ఎగిరే రెండు కొంగలు మాకు దారి ఇచ్చాయి. కుదుపులకు సీడీ మీద అక్షరాలు రాలిపోతాయేమోనని దాన్ని చొక్కా లోపల గుండెకు ఆనించి పట్టుకున్నాను.

మిల్లు ఆవరణలో పత్తి కుప్పలు హిమాలయాల తమ్ముళ్లలా ఉన్నాయి. కాటా గదిలో కంప్యూటరు పెళ్లికూతురిలా ఉంది. తెర మీద పసుపు, కుంకుమ బొట్లు. మౌసుకు పసుపు దారం. మానిటరు పైనుంచి కిందికి, వాడిపోయినా పరువు పోగొట్టుకోని లావుపాటి బంతిపూల దండ. పటేల్ పెద్దాయన, బక్కగా పొడుగ్గా ఉంటాడు. నా డబ్బాను, నన్ను, మళ్లీ డబ్బాను చూశాడు.

"ఏం దెచ్చినవ్ సారూ?"

"ప్రోగ్రాం, పటేలా. సోర్సు తెచ్చాను. ఇక్కడే తయారు చేయాలి."

"అంటే ఏంది?"

పోలిక కోసం ఎక్కడికో పోనక్కర్లేకపోయింది. "మీ దగ్గరికి పత్తి వస్తుంది. గింజ తీస్తారు, ప్రెస్సులో వేసి బేలు కడతారు. నేను తెచ్చింది పత్తి. దాన్ని ఆడించేది కంపైలర్. బేలు కట్టేది లింకర్. ఆ బేలే మీ ప్రోగ్రాం."

"మరి బేలు గట్టిందే తేకపోయినవ్? గింత దూరం పత్తి మోసుకొస్తరా ఎవలన్న?"

"పత్తి అయితే మీ కాటాకు తగ్గట్టు మార్చుకోవచ్చు. ఎవరో కట్టిన బేలు విప్పలేం."

"ఇదంత ఎవలు చూస్తరు? నువ్వేనా?"

"మేక్ అని ఒకటుంది, అదే మేస్త్రీ. తారీఖులు చూసుకుంటుంది. కుప్ప బేలు కంటే కొత్తదైతే, ఆ పత్తిని మళ్లీ ఆడిస్తుంది. బేలే కొత్తదైతే పని అయిపోయిందని పక్కకు తప్పుకుంటుంది."

"మా మేస్త్రీ కంటె నయమే. మావోడు తారీఖు సూడడు, మబ్బు సూస్తడు," అని నవ్వి, బోథ్‌లో పని ఉందని పటేల్ జీపెక్కాడు. "మాపటికి బండ్లొస్తయ్ సారూ. గప్పటికి చీటీ రావాలె."

గదిలో నేను, కాటా గుమస్తా శంకర్ మిగిలాం. ముప్పై ఏళ్లవాడు. ఇన్నాళ్లూ బరువులు చేత్తో రాసినవాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నిద్ర లేనట్టు. నేను తెర కనపడడం లేదని దండను పక్కకు జరపబోతే అదిరిపడ్డాడు.

"వద్దు సారూ! మూఢాలు పోయేదాక దండ తియ్యద్దన్నడు పటేల్."

"మూఢాల్లో కొబ్బరికాయ ఎట్లా కొట్టారయ్యా మరి?"

"మాకేమెరుక? ముహూర్తం కుదిరిందన్నడు. కొట్టిండు."

సరే, పెద్దవాళ్ల సంగతి అనుకుని దండ సందుల్లోంచి చూస్తూ "మేక్" కొట్టాను.

మిషను ముందుగా తనను తాను ప్రశ్నలు వేసుకోవడం మొదలుపెట్టింది. బిల్డుకు ముందు ఇది మామూలే. సంబంధం చూడడానికి వచ్చిన పెద్దమనిషి ఆరా తీసినట్టు ఉంటుంది. కంపైలర్ ఉందా? ఉంది. ఫలానా లైబ్రరీ, అంటే ముందే వండి పెట్టిన కోడ్ సరుకు, ఉందా? ఉంది. వరసలు పైకి పాకుతున్నాయి. నేను కాళ్లు చాపుకుని చాయ్ తాగాను. ప్రశ్నలు అయిపోయాయి. ఇక పత్తి ఆడడం మొదలవ్వాలి.

మొదలవ్వలేదు. కంపైలర్ ఉందా? ఉంది. లైబ్రరీ ఉందా? ఉంది. ప్రశ్నలు మళ్లీ మొదటికి వచ్చాయి.

ఆపి మళ్లీ కొట్టాను. మళ్లీ అవే ప్రశ్నలు, అవే జవాబులు, చివరిదాకా వచ్చి మళ్లీ మొదటి ప్రశ్న. మిషను ఆపి చల్లార్చి తిరిగి వేశాను. అదే తంతు. సీడీని చొక్కాతో తుడిచి, సోర్సంతా కొత్తగా దింపి కొట్టాను. అదే. అప్పటికి పొద్దు నడినెత్తికి వచ్చింది. నా వీపు మీద కారిన చెమటతో ఒక మడి నాటెయ్యవచ్చు. తప్పు ఉంటే తప్పు అని చెప్పి ఆగిపోయే మిషన్లను చాలా చూశాను. తప్పు లేదు లేదు అంటూనే అక్కడక్కడే తిరిగే మిషన్ను చూడడం అదే మొదలు. లోపల ఎవరో కూర్చుని నాతో ఆడుకుంటున్నట్టు అనిపించింది. నేను చదువుకున్నవాణ్ణి. అయినా ఒక్కసారి మానిటరు వెనక్కి వంగి చూశాను.

ఆ వంగడం శంకర్ చూశాడు.

"సారూ," అన్నాడు, గొంతు తగ్గించి. "గిది మల్ల మొదటికొచ్చింది గదా?"

"ఆ."

"ఎన్నిసార్లు జేసినా గంతేనా?"

"చూస్తున్నా కదా శంకర్."

"మా పిల్ల జొరం గూడ గిట్లనే సారూ. ఒకనాడు సల్లగయితది, లేచి ఆడుకుంటది. తెల్లారి మల్ల వణుకుడు, మల్ల మొదటికి. గీ డబ్బ వచ్చినకాన్నించే."

తెర మీదనే ఉన్నాయి నా కళ్లు. శంకర్ బయటికి వెళ్లాడు. కాసేపటికి నాకొక చిత్రమైన సంగతి తెలిసింది: నా గుండె చప్పుడు నాకే వినపడుతోంది. పొద్దున్నుంచి జిన్నింగ్ మిషన్ల హోరు చెవుల్లో మోగుతూనే ఉంది. ఇప్పుడు మిల్లు ఆగిపోయింది. బెల్టులు ఆగిపోయాయి. గాలిలో తేలే దూది కూడా ఆగి చెవి ఒగ్గినట్టు ఉంది.

కిటికీలోంచి చూశాను. హమాలీలు, మిషన్ల మీది వాళ్లు గుంపుగా వస్తున్నారు. గుంపు నడుమ ఒక ముసలామె. ఇద్దరు ఆమె రెక్కలు పట్టుకున్నారు. పోసవ్వ. పొద్దున నేను వచ్చినప్పుడు నేల మీద రాలిన దూదిని ఊడుస్తూ, తనలో తాను ఏదో గొణుక్కుంటూ, నాకు దారి ఇచ్చింది ఆమే.

"గీమెనే సారూ," అన్నాడు శంకర్ గుమ్మంలో నిలబడి. "పూజ జేసినంక డబ్బ మీద నిమ్మకాయలు పెట్టినం. వారం దినాలకు సూస్తె లెవ్వు. గీమె తీసుకపోయింది. ఇరవై నాలుగ్గంటలు నోట్ల ఏదో సదువుతనే ఉంటది. బాణామతి జేసింది సారూ. మిషినికి, నా పిల్లకు."

బాణామతి, అంటే చేతబడి, అన్న మాట మా దిక్కున అప్పట్లో ఉత్త మాట కాదు. ఆ మాట పడ్డ మనిషికి ఏమవుతుందో పత్రికల్లో చదివేవాళ్లం, పేజీ తిప్పేసేవాళ్లం. నేను "అట్లాంటివేం లేవు, మిషన్‌లోనే ఏదో తేడా ఉంది" అన్నాను. నా గొంతు నాకే మేకపిల్లది లాగా వినిపించింది.

"తేడా ఏందో జెప్పుండ్రి మరి," అన్నాడు ఒక హమాలీ.

అప్పుడు శంకర్, ఎంతో మర్యాదగా, పక్కింట్లో పంచదార అడిగినట్టుగా అన్నాడు: "సారూ, మీ డబ్బల పట్కారు ఉంటది గదా. జర ఇయ్యుండ్రి."

"ఎందుకు?"

"పండ్లు పీకెతందుకు."

మంత్రం వేసేవాళ్లకు పళ్లు ఊడగొడితే మాట తిరగదు, మంత్రం పలకదు, కట్టిన కట్టు విడిపోతుంది. ఇదీ ఆ నమ్మకం. ఇదివరకు చదివిందే. కాని దాని కోసం నా పటకారునే అడుగుతారని నేను ఏ కలలోనూ అనుకోలేదు. ఎర్ర పిడులు, పదును పోని నోరు. వైర్ల తొడుగు ఒలవడానికి కొనుక్కున్నది.

నా గుండె బాసర వంతెన మీద గూడ్సు బండి పోతున్నట్టు కొట్టుకుంది. ధైర్యం చేసి ఏదో చేశానని అనుకోకండి. కూలబడ్డాను. దేవుడి దయ వల్ల సరిగ్గా నా పనిముట్ల డబ్బా మీదనే పడ్డాను. పటకారు నా కింద ఉంది.

జన్మలో ఎప్పుడూ నోటితోనే బతికినవాణ్ణి. ఆ నోటినే తెరిచాను. "పట్కారు ఉంది. ఇస్తాను. కాని ముందు మిషను చెప్పాలి. కట్టినవాళ్లు ఎదురుగా కూర్చుంటేనే కట్టు విప్పుతుంది. ఈమె ఒంటి మీద చిన్న గీత పడ్డా కట్టు బిగుసుకుంటుంది. ఈ మిషన్‌తో పోదు. రేపు మీ కాటా బండికి బదులు ఎద్దును తూస్తుంది. ఎల్లుండి జిన్నింగ్ మిషన్లు దూదిని మింగి గింజను బేలు కడతాయి. పిల్ల జ్వరం సంగతి నేను చెప్పను."

అబద్ధాన్ని అబద్ధంతో కొట్టడం మంచిది కాదని నాకు తెలుసు. ఆ నిమిషంలో నా డబ్బాలో అంతకంటే మంచి పనిముట్టు లేదు.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఎంత సేపు?" అన్నాడు శంకర్.

"పటేల్ వచ్చేదాకా."

"పటేల్ వస్తడు. వచ్చినంక మల్ల మేం ఆగం," అన్నాడు. పోసవ్వను గదిలోకి నెట్టారు. నేను తలుపు గొళ్లెం పెట్టాను. కిటికీ నిండా మొహాలు. ఊచల మధ్య గాలి దూరే సందు లేదు.

పోసవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. రవికె చిరిగి ఉంది. మోచేతి దగ్గర రక్తం.

"బిడ్డా," అంది, "నిజంగనే పండ్లు పీకుతరా?"

"నిమ్మకాయలు ఎందుకు తీశావవ్వా?"

"కుళ్లినయి బిడ్డా. పురుగులు వడ్డయి. ఊడ్సిన. ఊడ్సుడే గదా నా పని?"

"మరి గొణిగేది ఏమిటి?"

"బతుకమ్మ పాటలు. పండుగ పోయింది, పాటలు నోట్ల మిగిలినయి." చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంత ముసలితనానికి ఒక్క పన్ను గూడ ఊడలే నాకు. తుమ్మపుల్లతోని తోముత. గదే తప్పయినట్టున్నది."

నేను కుర్చీ తెర ముందుకు లాక్కున్నాను. ఇప్పటిదాకా మిషన్ను ఆపిన ప్రతిసారీ కింది వరసలే చూశాను. భయపడినవాడు చివరి మాటే వింటాడు, మొదటి మాట వినడు. మేస్త్రీ పని మొదలుపెట్టేటప్పుడు ఏమైనా అందేమో చూడాలి. ఆ మాట తెర మీద మెరిసి మాయమవుతుంది. పైగా సరిగ్గా అక్కడే బంతిపూల దండ. పరుగెత్తే వరసలను నిలబెట్టడానికి రెండు మీటలు కలిపి నొక్కాలి. నా చేతులు రెండూ వాటికే సరిపోతాయి. దండ ఎత్తడానికి మూడో చెయ్యి లేదు.

"అవ్వా, జర ఆ దండ పైకెత్తి పట్టు."

"నేనా? నేను ముట్టుకుంటె సంపుతరు బిడ్డా."

"నా చేతులు రెండూ మీటల మీద ఉండాలవ్వా."

ఆమె నా చేతుల వైపు చూసింది. లేచి వచ్చింది. దండను రెండు చేతులతో ఎత్తింది. కిటికీ దగ్గర ఒక్కసారిగా అరుపులు. "ముట్టింది! ముట్టింది సూడు!" ఎవరో తలుపును భుజంతో గుద్దారు. గొళ్లెం పక్కన గోడ సున్నం రాలింది. నేను "మేక్" కొట్టి, మొదటి వరసలు కనపడగానే రెండు మీటలూ అదిమి పట్టాను.

తెర నిలిచింది. పైన, ఇన్ని గంటలూ పూల వెనక, ఇంగ్లీషులో ఒక వరస ఉంది. దాని సారం ఇది: ఈ ఫైళ్ల తారీఖు ఇంకా రాని రోజుది, గడియారంలో తేడా ఉంది, పని పూర్తి కాకపోవచ్చు.

ప్రతి మిషన్‌లోనూ ఒక గడియారం ఉంటుంది. కరెంటు పోయినా చిన్న బ్యాటరీతో తిరుగుతూనే ఉంటుంది. "డేట్" అని కొట్టాను. ఈ రోజు ఏ రోజు అని అడగడం అన్నమాట. మిషను చెప్పింది. శ్రావణ మాసంలో ఒక శుక్రవారం. చేలల్లో పత్తికి ఇంకా పూత కూడా పట్టని రోజు. బయట హిమాలయాలంత పత్తి, లోపల ఇంకా వానాకాలం.

అంతా అర్థమైంది. సీడీలోని సోర్సు శ్రావణం తర్వాత రాసింది. మిషను ఏది తయారుచేసినా, చివరికి ఆ ప్రశ్నల జవాబులు రాసుకున్న ఫైలు మీద కూడా, శ్రావణం తారీఖే పడుతోంది. మేస్త్రీ చూస్తాడు: కుప్ప కొత్తది, బేలు పాతది. మళ్లీ ఆడించు అంటాడు. ఆడిస్తే వచ్చిన బేలు మీద మళ్లీ పాత తారీఖే. మళ్లీ ఆడించు. ప్రళయం దాకా ఆడిస్తూనే ఉంటాడు, పాపం. మేస్త్రీ తప్పు లేదు. పోసవ్వ తప్పు అసలే లేదు.

కిటికీ దగ్గరికి వెళ్లి అరిచి చెప్పాను. మిల్లు మనుషులు కనుక పోలిక ఇట్టే పట్టుకున్నారు. "బేలు మీద పాత తారీఖు ఏస్తె మేస్త్రీ మల్ల ఆడిస్తడు. గంతే గదా?" అన్నాడొక హమాలీ. వెనక నుంచి ఇంకొకడు అన్నాడు: "మరి తారీఖు ఎవలు మార్చిండ్రు? గీ ముసల్దే మార్చిందేమో!"

శంకర్ ఊచలు పట్టుకుని నా వైపు చూశాడు. "మీరు పట్నపోళ్లు సారూ. గీమెను కాపాడెతందుకు చెప్తుండ్రు. తారీఖు దానంతట అది ఎనుకకు పోతదా? నా పిల్ల అక్కడ వణుకుతున్నది. పట్కారు ఇస్తరా, మేమే తీసుకోవాల్నా?"

నా తెలివి అక్కడితో అయిపోయింది. ఎవరు తిప్పారు? నాకు తెలియదు. గొళ్లెం ఇంకొక గుద్దుకు ఆగదు. పోసవ్వ దండను వదిలేసి నా వెనక్కి వచ్చి నిలబడింది. ఆమె పళ్లు టకటక కొట్టుకోవడం నా వీపుకు వినపడుతోంది. వాటిలో నావి కూడా కలిశాయి. ఎవరివి ఎవరివో చెప్పలేను.

అప్పుడు గేటు దగ్గర జీపు ఆగింది.

పటేల్ వచ్చాడు. గుంపు దారి ఇచ్చింది. శంకర్ చెప్పింది విన్నాడు. కిటికీలోంచి నేను చెప్పింది విన్నాడు. శ్రావణ శుక్రవారం అని నేను అనగానే ఆయన మొహం మారింది. నా దిక్కు కాక నేల దిక్కు చూశాడు. అప్పుడు నాకు తెలిసిపోయింది, మూఢాల్లో ముహూర్తం ఎలా కుదిరిందో. కాని నేను చెబితే ఏం లాభం? ఆయన చెప్పాలి. ఊరికి పెద్దమనిషి, మిల్లుకు యజమాని. తల వంచుకుని చెప్పవలసిన మాట. ఊరుకుంటే ఆయనకు పోయేది ఏమీ లేదు. పోయేవి పోసవ్వ పళ్లు.

ఎంత సేపు ఊరుకున్నాడో చెప్పను. నేను చెబితే మీరు సగం చేసుకుంటారు.

"తారీఖు నేనే తిప్పిచ్చిన," అన్నాడు చివరికి.

కండువా తీసి మొహం తుడుచుకున్నాడు.

"మూఢాలు నడుస్తున్నయి. కొత్త మిషిని షురువు జెయ్యద్దన్నడు అయ్యగారు. పత్తి ఆగుతదా? డబ్బ దింపెతందుకొచ్చినాయనను అడిగిన, లోపట దినం ఎనుకకు తిప్పొచ్చునా అని. తిప్పిండు. శ్రావణంల మంచి శుక్కురారం పెట్టిచ్చిన. కొబ్బరికాయ గొట్టిన." శంకర్ భుజం మీద చెయ్యి వేశాడు. "గిది మిషినికి ఇంత పరేషాన్ జేస్తదని నాకేమెరుకరా? పండ్లు పీకాలెనంటే నాయి పీకుండ్రి ముందు. ఎన్ని మిగిలినయో నాకే తెల్వదు."

గుంపు వెనక నుంచి ఒక ముసలి హమాలీ అన్నాడు: "అంటె దేవునికే దొంగ తారీఖు జెప్పినవా పటేలా!"

ఎవడో కిసుక్కున నవ్వాడు. ఇంకొకడు. తర్వాత అందరూ. ఆ నవ్వు మంచిది కాదు, చెడ్డదీ కాదు. పట్టు వదిలిన చేతుల చప్పుడు అది. పోసవ్వను ఈడ్చుకొచ్చిన ఇద్దరూ గుంపులో లేరు, ఎప్పుడు జారుకున్నారో.

శంకర్ నవ్వలేదు. తలుపు తీసి బయటికి వెళ్లి అతనితో చెప్పాను, రోజు విడిచి రోజు వణుకుతూ వచ్చే జ్వరానికి రక్త పరీక్ష చేయాలని, దానికి మాత్రలు ఉంటాయని. పటేల్ జీపు తాళాలు తన డ్రైవరు మీదికి విసిరాడు. "పిల్లను తీస్కొని దవాఖానకు పో. ఇప్పుడే." శంకర్ రెండు అడుగులు వేసి ఆగి, పోసవ్వ వైపు తిరిగాడు. డ్రైవరు హారన్ కొడితే వెళ్లి జీపెక్కాడు.

మిషను గడియారాన్ని శ్రావణం నుంచి ఈ రోజుకు తెచ్చాను. పాత తారీఖు పడ్డ జవాబులన్నీ ఊడ్చెయ్యమని ఒక ఆజ్ఞ, ఆ తరువాత "మేక్". ఒక్కసారి ప్రశ్నలు వేసుకుంది, ఒక్కసారే జవాబు చెప్పుకుంది, పనిలోకి దిగింది. ఫైలు వెనక ఫైలు ఆడింది. పొద్దు వాలుతుండగా బేలు కట్టింది. మొదటి ఎడ్లబండి కాటా ఎక్కింది, తెర మీద బరువు పడింది, ప్రింటరు కరకరలాడి చీటీ కొట్టింది. రీడ్‌మీ రాసిన పుణ్యాత్ముడు అబద్ధం చెప్పలేదు. వేరే అమరికలేవీ అక్కర్లేదు. ఈ రోజు ఏ రోజో ఒప్పుకుంటే చాలు.

మూఢాలు ఇంకా పోలేదు. అయినా పటేల్ ఇంకొక కొబ్బరికాయ తెప్పించి కొట్టాడు. మొదటి ముక్క పోసవ్వకు ఇచ్చాడు. ఆమె తీసుకుంది. దండం పెట్టలేదు, నవ్వలేదు. మెట్టు మీద కూర్చుని అందరి వైపూ చూస్తూ కొరికింది. ముదురు కొబ్బరి. ఆ పటుక్కుమన్న చప్పుడు నాకు మిల్లు హోరు కంటే పెద్దగా వినిపించింది. ఇందులో నేను పెంచింది ఏమీ లేదు.

కొన్నాళ్లకు కాటా వైరు మార్చడానికి మళ్లీ వెళ్లాను. శంకర్ చీటీలు కొడుతున్నాడు. మలేరియా అని తేలిందట, మాత్రలకు తగ్గిందట. పోసవ్వ గుమ్మం ముందు ఊడుస్తోంది. అతను ఆమె ఉన్న దిక్కు చూడడం లేదు. ఆమే చీపురు ఆపి అడిగింది:

"పిల్ల మంచిగున్నదా శంకరూ?"

"మంచిగనే ఉన్నది అవ్వా," అన్నాడు, తెర వైపు చూస్తూనే. ఆ చీటీ రెండుసార్లు కొట్టాడు.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటని అడుగుతారు. పని వరకు చెప్పాలంటే, ఏ మిషను ముందు కూర్చున్నా మొదట "డేట్" అని కొడతాను, ఆ తరువాతే చెప్పులు విప్పుతాను. మిషను తన జబ్బు మొదటి వరసలోనే చెబుతుంది. ఆ వరస మీద మనమే దండ వేస్తాం. వేసిన చెయ్యి ఎవరిదో తేలేలోగా, ఊడ్చే చేతిని పట్టుకుంటాం.

ఇంకొకటి కూడా ఉంది. ఆ సాయంత్రం బస్సు ఘాట్ దిగుతుంటే డబ్బా తెరిచి పటకారు తీసి కిటికీలోంచి అడవిలోకి విసిరేశాను. మళ్లీ కొనలేదు. వైరు తొడుగు ఒలవాలంటే నా పళ్లతోనే ఒలుస్తాను. ఒక ముందు పన్ను అరిగి సగమైంది. డాక్టరు తిడుతుంటాడు. నేను నోరు తెరిచి, ఉన్నవి లెక్కపెట్టుకోమంటాను.